లిప్ సింక్ (పాటతో పెదాలు కలిసే) పాట వీడియో: పిల్లలచేత తీయించి, ఎడిట్ చేయించడం ఎలా? (గుణుపురం, ఒడిశా)

గుణుపురం_మాస్టారు
సోమవారం, రాత్రి 8.40

అందరికీ నమస్కారం. మా కాలేజీ పిల్లలు 12 మంది ఒక పాట వీడియో చేస్తున్నారు. పాట వాళ్లదే, రికార్డింగు అయిపోయింది. నిడివి 3 నిమిషాల 20 సెకన్లు, వేగం నిమిషానికి 96 దెబ్బలు, ఒక పల్లవి, మూడు చరణాలు. పల్లవి మొదటి లైను "వంశధార తీరం, మబ్బు కమ్మె గగనం".

చేతిలో ఉన్న సామాను: రెండు ఆండ్రాయిడ్ ఫోన్లు, ఒక ట్రైపాడ్, ఒక బ్లూటూత్ స్పీకరు, 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్. షూటింగుకు రెండు రోజులు, ఎడిటింగుకు నాలుగు రోజులు. నమూనాగా ఒక టేకు తీసి పాట మీద పెట్టి చూస్తే మొదట్లో పెదాలు సరిగ్గా కలుస్తున్నాయి, మూడో చరణానికి వచ్చేసరికి స్పష్టంగా జారిపోతున్నాయి. ఎక్కడ తేడా కొట్టింది? ఏది ముందు నేర్పాలి?

శబ్దగ్రాహి
సోమవారం, రాత్రి 9.15

మాస్టారూ, ముందు ఆ జారడం ఏ రకమో కొలవండి. మందు దాన్నిబట్టే. పాట మొదట్లో ఒకచోట, మధ్యలో ఒకచోట, చివర ఒకచోట తేడా ఎన్ని ఫ్రేములో (ఫ్రేమంటే వీడియోలో ఒక్కో బొమ్మ, సెకనుకు ఎన్ని బొమ్మలో అదే ఫ్రేమ్ రేటు) రాసుకోండి.

మూడుచోట్లా ఒకటే తేడా ఉంటే అది జారడం కాదు, క్లిప్పు పెట్టిన చోటు తప్పు. పక్కకు జరిపితే సరి.

తేడా మెల్లగా, సమానంగా పెరుగుతూ పోతే వేగం లెక్కలో తప్పుంది. 29.97 ఫ్రేముల క్లిప్పును సాఫ్ట్‌వేర్‌లో 30గా చదివించారనుకోండి, తేడా వెయ్యింట ఒక వంతు. మీ పాట 200 సెకన్లు కాబట్టి చివరికి 0.2 సెకను, అంటే 6 ఫ్రేములు. పెదాలు తప్పాయని ఎవరికైనా తెలిసిపోతుంది.

తేడా ఒకచోట 2 ఫ్రేములు, ఇంకోచోట 7, మళ్లీ 4 అని ఎగుడుదిగుడుగా ఉంటే దోషం ఫోన్‌ది. ఫోన్ కెమెరా సెకనుకు సరిగ్గా 30 ఫ్రేములు తీయదు. వెలుతురు తగ్గితే 24కి దిగుతుంది, వేడెక్కితే ఇంకోలా చేస్తుంది. దీన్ని వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. ప్లేయర్‌లో చూస్తే ఏమీ తెలియదు, ఎడిటింగు సాఫ్ట్‌వేర్‌లో మాత్రం పెదాలు తప్పుతాయి.

గుణుపురం_మాస్టారు
సోమవారం, రాత్రి 9.52

కొలిచాం. మొదట్లో 0, రెండో చరణం దగ్గర 5, చివర 3.

శబ్దగ్రాహి
సోమవారం, రాత్రి 10.05

అయితే వేరియబుల్ ఫ్రేమ్ రేటే. ఆ టేకు పారేయక్కర్లేదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్ రేటు 30 ఎంచుకొని, కింద కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ గుర్తు పెట్టి, హెచ్.264 (వీడియోను కుదించే ఒక పద్ధతి)గా మార్చండి. నాణ్యత అంకె 18 దగ్గర ఉంచితే కంటికి తేడా తెలియదు. అన్ని క్లిప్పులనూ ఇలా మార్చాకే ఎడిటింగులోకి తీసుకోవాలి. సగం ఎడిట్ అయ్యాక మారిస్తే కట్లన్నీ చెదిరిపోతాయి.

ఇకముందు తీసేవాటికి బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ మీ ఫోన్‌లో నడుస్తుందేమో చూడండి, ఉచితమే. ఫ్రేమ్ రేటు, షట్టరు (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం), వైట్ బ్యాలెన్సు (రంగుల సర్దుబాటు) అన్నీ లాక్ చేసుకోవచ్చు. దానితో తీసినా షూటింగుకు ముందు ఒక టేకు చివరిదాకా పరీక్షించే తీరాలి.

ఇంకో సంగతి. సెట్‌లో మోగించే పాట, ఎడిటింగులో పెట్టే పాట ఒకే ఫైలు కావాలి. 48 కిలోహెర్ట్జ్ వేవ్ (కుదించని శబ్దం) ఫైలు ఒకటి చేయించి రెండుచోట్లా అదే వాడండి. పిల్లలు వాట్సాప్‌లో వచ్చిన ఎంపీ3 మోగించి, ఎడిటింగులో స్టూడియో ఫైలు పెడతారు. ఎంపీ3 చేసేటప్పుడు ఫైలు ముందు కొంచెం నిశ్శబ్దం చేరుతుంది, అది ఒక ఫ్రేము తినేస్తుంది. మిక్సింగ్ మారిన రెండో వెర్షన్ అయితే మరీ ప్రమాదం. చరణం మధ్యలో అర సెకను సంగీతం పెరిగినా మిగతా పాటంతా తప్పుతుంది.

నాగావళి_కెమెరా
మంగళవారం, ఉదయం 6.30

ఫ్రేమ్ రేటు గురించి ఒక మాట కలుపుతాను. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. 25 ఫ్రేములు, షట్టరు 1/50 అయితే మినుకు కనబడదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు 25 ఇవ్వవు, 30, 60 మాత్రమే ఇస్తాయి. అలాంటప్పుడు 30లోనే తీయండి కానీ షట్టరు 1/60 పెట్టొద్దు, 1/50 లేదా 1/100 పెట్టండి. గదిలో తీసిన షాట్ల మీద చారలు పైకీ కిందికీ పాకుతున్నాయంటే కారణం ఇదే. ఎడిటింగులో వాటిని పోగొట్టడం చాలా కష్టం.

రెండు ఫోన్లూ ఒకే ఫ్రేమ్ రేటు, ఒకే వైట్ బ్యాలెన్సు. ఎండలో 5600 కెల్విన్ దగ్గర లాక్ చేయండి. ఫోకసు, ఎక్స్‌పోజరు (వెలుతురు మోతాదు) కూడా లాక్. ఆటోలో వదిలేస్తే పాడే అమ్మాయి తెల్ల చున్నీ ఎగిరిన ప్రతిసారీ ముఖం నల్లబడుతుంది. ఫోన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉండాలి, ఫోనొస్తే రికార్డింగు ఆగిపోతుంది. ఎండలో ఫోను వేడెక్కి దానంతటదే ఆగిపోవడం కూడా ఉంది. టేకుకూ టేకుకూ మధ్య నీడలో పెట్టండి, ఛార్జింగు పెట్టి తీయకండి. చల్లబడాలని ఐసు మీద పెడితే లెన్సు లోపల చెమ్మ పడుతుంది.

స్థలం: 1080పీ హెచ్.264లో సెకనుకు 17 మెగాబిట్ల చొప్పున తీస్తే నిమిషానికి సుమారు 130 ఎంబీ. పాట మొత్తం ఆరు టేకులు అంటే 20 నిమిషాలు, ఒక్కో ఫోన్‌లో 2.6 జీబీ. మీ ల్యాప్‌టాప్‌కు 4కే వద్దు.

పర్లాకిమిడి_బాబు
మంగళవారం, ఉదయం 7.10

మాస్టారూ, బ్లూటూత్ స్పీకరు ఆలస్యంగా మోగుతుంది కదా, దానివల్ల సింక్ పోదా? వైరు స్పీకరు కొనమని చెప్పాలా?

శబ్దగ్రాహి
మంగళవారం, ఉదయం 8.00

కొనక్కర్లేదు బాబూ. పాడేవాళ్లు వినేదీ, కెమెరా మైకు వినేదీ ఆ స్పీకరు శబ్దమే. ఇద్దరికీ ఒకే ఆలస్యం, కాబట్టి తేడా లేదు. తేడా ఎక్కడొస్తుందంటే, పాట మోగించే ఫోను తెర మీద సాహిత్యం కదులుతూ ఉండి, పాడేవాళ్లు దాన్ని చూస్తూ పెదాలు కదిపితే. తెర ముందు పోతుంది, స్పీకరు వెనకబడుతుంది. సాహిత్యం కాగితం మీద పెద్దక్షరాలతో రాసి కెమెరా పక్కన పట్టుకోండి.

అసలు జాగ్రత్తపడాల్సింది దూరం విషయంలో. శబ్దం సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. 30 ఫ్రేముల లెక్కలో ఒక ఫ్రేము కాలంలో పదకొండున్నర మీటర్లు. స్పీకరు పాడే అమ్మాయి పక్కన ఉండి, కెమెరా 40 మీటర్ల అవతలి గట్టు నుంచి జూమ్ చేసిందనుకోండి. కెమెరాకు పాట మూడున్నర ఫ్రేములు ఆలస్యంగా వినబడుతుంది. ఎడిటింగులో కెమెరా శబ్దాన్ని స్టూడియో పాటతో కలిపితే పెదాలు పాటకంటే ముందు కదులుతాయి. అలాంటి క్లిప్పును 3 లేదా 4 ఫ్రేములు కుడికి, అంటే ఆలస్యంగా మొదలయ్యేలా, జరపాలి. స్పీకరు కెమెరా దగ్గర ఉంటే సరిగ్గా తలకిందులు, ఎడమకు జరపాలి. దూరపు షాట్లకు స్లేటు (టేకు వివరాలు రాసి కెమెరాకు చూపే పలక) మీద "స్పీకరు ఎక్కడ, కెమెరా ఎంత దూరం" అని రాయించండి. ఎడిటింగులో కూర్చున్నాక ఎవరికీ గుర్తుండదు.

జయపురం_టీచరమ్మ
మంగళవారం, మధ్యాహ్నం 1.25

అందరూ యంత్రాల గురించే చెబుతున్నారు. పెదాల గురించి కూడా మాట్లాడుకోవాలి కదా. మన ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో ఒడియా చదువుకున్నవాళ్లు.

ఒడియాలో అకారం పలికేటప్పుడు పెదాలు గుండ్రమవుతాయి, ఒకారానికి దగ్గరగా. తెలుగు అకారానికి పెదాలు గుండ్రంగా ఉండకూడదు. ఇక "వ". తెలుగులో పై పళ్లు కింది పెదవిని తాకీతాకనట్టు ఉండాలి. ఒడియా అలవాటులో అది "బ" అయిపోయి రెండు పెదాలూ మూసుకుంటాయి. మీ పల్లవి మొదలయ్యేదే "వంశధార"తో. పాడింది వేరే గొంతు, కెమెరా ముందు నిలబడింది వేరే మనిషి అయితే, క్లోజప్‌లో "బంశధార" అన్నట్టు కనిపిస్తుంది. చూసేవాళ్లు సింక్ తప్పిందనే అంటారు. ఎడిటరు ఎన్ని ఫ్రేములు జరిపినా అది కుదరదు.

తెలుగు లిపి రాని పిల్లలకు సాహిత్యం ఒడియా లిపిలో రాసిస్తే "వ" దగ్గర వాళ్ల మామూలు "బ" అక్షరం వేయకండి. ఒడియాలో వకారానికి ప్రత్యేకంగా ఒక అక్షరం ఉంది, అది వాడండి.

మూడోది సున్న. "తీరం", "గగనం" చివర పెదాలు మూసుకొని స్వరం లోపలే మోగాలి. గాయని ఆ సున్నను ఒకటిన్నర దెబ్బల సేపు పట్టి ఉంచితే అంతసేపూ పెదాలు మూసే ఉండాలి. పిల్లలు స్వరం సాగుతోంది కదా అని నోరు తెరిచే ఉంచుతారు. "తీరాఆ" అన్నట్టు కనబడుతుంది.

పాట వింటూ అద్దం ముందు రోజుకు పదిసార్లు, మూడు రోజులు. ఒట్టి పెదాలు ఆడించడం కాదు, గొంతెత్తి పాడాలి. పాడితేనే మెడ నరాలు కదులుతాయి, ఎద ఎగసిపడుతుంది. లైనుకు ముందు గాయని ఊపిరి తీసుకున్నచోట వీళ్లూ ఊపిరి తీసుకోవాలి. రికార్డింగులో ఆ ఊపిరి వినబడుతుంది, సాహిత్యం కాగితం మీద అక్కడొక గీత పెట్టించండి.

ద్వితీయ_సంవత్సరం
మంగళవారం, రాత్రి 7.48

అమ్మా, చాలా థాంక్స్. నేను ఆ గ్రూపులో ఎడిటింగు చేసే అమ్మాయిని. ఒక్కో షాటుకు పాట మొదటినుంచీ పెట్టాలా? మూడో చరణం కోసం ప్రతిసారీ రెండు నిమిషాలు ఎదురుచూడాల్సి వస్తోంది.

కత్తెర_బరంపురం
మంగళవారం, రాత్రి 8.30

వద్దు తల్లీ. పాటను నాలుగు ముక్కలు చేసి నాలుగు ఫైళ్లు పెట్టుకో. ఒక్కో ముక్క ముందు నాలుగు దెబ్బల లెక్క ఉండాలి. నిమిషానికి 96 దెబ్బలు కాబట్టి ఒక దెబ్బ 0.625 సెకను, నాలుగూ కలిపి రెండున్నర సెకన్లు. ఆడాసిటీ అనే శబ్దం ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్‌లో రిథమ్ ట్రాక్ అని ఉంటుంది, 96 ఇస్తే టిక్కు టిక్కుమని అదే తయారుచేస్తుంది. ప్రతి ముక్కా ముందరి లైను చివరి మాటనుంచి మొదలవ్వాలి. లేకపోతే పాడేవాళ్లు మొదటి అక్షరం అందుకోలేరు.

తీసే వరుస ఇది. మొదట పాట మొత్తం దూరపు షాటులో రెండుసార్లు. ఏ షాటు పాడైనా దీనిమీద పడొచ్చు. తర్వాత నడుం వరకు, ముక్కల వారీగా. ఆ తర్వాత ముఖం క్లోజప్. చివర్న చేతులు, కాళ్లు, వెనకనుంచి జడ, నది, మబ్బు, అంటే పెదాలు కనబడనివి. ఇవి కనీసం 15 ఉండాలి, ఒక్కోటి 10 సెకన్లు. పిల్లలు వీటిని తేలిగ్గా తీసుకొని చివర్లో వెలుతురు లేక వదిలేస్తారు. సింక్ తప్పిన లైనును కప్పిపుచ్చేవి ఇవే.

ప్రతి టేకుకూ స్లేటు. పలకా బలపమైనా చాలు: ముక్క నంబరు, షాటు నంబరు, టేకు నంబరు. నోటితో కూడా చెప్పించు. రికార్డింగు ముందు నొక్కాలి, తర్వాత పాట. పాట మొదలయ్యాక రికార్డింగు నొక్కితే లెక్క దెబ్బలు పోతాయి.

పర్లాకిమిడి_బాబు
బుధవారం, ఉదయం 6.55

నది ఒడ్డున స్లో మోషన్‌లో నడుస్తూ పాడే షాటు కావాలంటున్నారు మా తమ్ముళ్లు. స్లో చేస్తే పెదాలూ స్లో అయిపోతాయి కదా అన్నా?

నాగావళి_కెమెరా
బుధవారం, ఉదయం 7.40

పాటను ముందే పరుగెత్తించాలి తమ్ముడూ. 60 ఫ్రేముల్లో తీసి, ఎడిటింగులో 30 ఫ్రేముల టైమ్‌లైన్‌లో (క్లిప్పులు పేర్చే పట్టీలో) స్లో చేస్తే వేగం సగమవుతుంది, కాబట్టి సెట్‌లో పాట రెండింతల వేగంతో మోగాలి. 3.20 పాట 1.40లో అయిపోతుంది. పెదాలు పాటతో కలుస్తాయి, జుట్టూ పైటా మాత్రం నెమ్మదిగా తేలుతాయి.

రెండింతల వేగంలో తెలుగు ఒత్తులు పలకడం కష్టం. అందుకే మొత్తం పాట వద్దు, సాగదీసి పాడే రెండు లైన్లు చాలు. లేదా టైమ్‌లైన్ 25 పెట్టుకున్నవాళ్లు 30లో తీసి, పాటను 1.2 రెట్లు మోగించవచ్చు. 200 సెకన్ల పాట 166.7 సెకన్లవుతుంది. పిల్లలు హాయిగా పాడగలరు, నడకలో ఒక తేలిక వస్తుంది.

ఫైలు ఆడాసిటీలో ఛేంజ్ స్పీడ్‌తో చేయండి, గొంతు సన్నబడినా నిడివి కచ్చితంగా వస్తుంది. సెట్‌లో గొంతు ఎలా ఉంటేనేం. ఫోన్‌లో "స్లో మోషన్" అని రాసున్న బటను నొక్కకండి. అది చాలా ఫోన్లలో శబ్దం తీయదు, తీసినా సాగదీసి ఇస్తుంది. మామూలు వీడియోలోనే 60 ఎంచుకోండి.

తరంగ_గోపాలపూర్
బుధవారం, ఉదయం 9.20

సముద్రం దగ్గర తీసేవాళ్లకు రెండు మాటలు. మన తీరం తూర్పు ముఖం. ముఖాల మీద వెలుతురు, వెనక సముద్రం కావాలంటే సాయంత్రం, సూర్యుడు పడమట దిగేటప్పుడు. నీడబొమ్మ షాటు కావాలంటే తెల్లవారుజామున.

అలల హోరులో చిన్న స్పీకరు వినబడదు. పాడేవాళ్ల చెవిలో ఒక ఇయర్‌బడ్, జుట్టు కింద దాచి. జతలో రెండోది సహాయకుడి చెవిలో. నాలుగు దెబ్బల లెక్కలో నాలుగో దెబ్బకు అతను కెమెరాకు కనబడేలా చేతులు చాపి చప్పట్లు కొట్టాలి. పాట కెమెరాకు వినబడకపోయినా ఆ చప్పట్ల ఫ్రేముతో కలుపుకోవచ్చు.

గోపాలపూర్‌లో సైన్యం వాళ్ల ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. డ్రోను ఎంత చిన్నదైనా డిజిటల్ స్కై మ్యాపులో (డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాపు) జోను చూడకుండా ఎగరేయొద్దు.

కత్తెర_బరంపురం
బుధవారం, ఉదయం 10.05

అదే కోవలో ఇంకొకటి. నౌపడా–గుణుపురం లైను పట్టాల మీద నడిచే షాటు ఎవరైనా అడిగితే గట్టిగా కాదనండి. 1989 రైల్వే చట్టం 147వ సెక్షను కింద అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్లడమే నేరం. చెవిలో పాట మోగుతున్నవాళ్లకు రైలు కూత వినబడదు, మాస్టారూ.

ద్వితీయ_సంవత్సరం
శనివారం, సాయంత్రం 6.10

షూటింగు అయింది. 64 క్లిప్పులు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగు సాఫ్ట్‌వేరు పెడితే ల్యాప్‌టాప్ కదలట్లేదు. శబ్దాన్నిబట్టి ఆటో సింక్ చేస్తే కొన్ని క్లిప్పులు వేరే చోట కూర్చుంటున్నాయి. పల్లవి క్లిప్పు రెండో చరణం తర్వాతికి వెళ్లిపోయింది.

కత్తెర_బరంపురం
శనివారం, రాత్రి 7.00

8 జీబీలో రిజాల్వ్ అవస్థే. కెడెన్‌లైవ్ వేసుకో, ఉచితం, విండోస్ మీదా లైనక్స్ మీదా నడుస్తుంది. ప్రాజెక్టు సెట్టింగుల్లో ప్రాక్సీ గుర్తు పెట్టు. చిన్న సైజు నకళ్లతో ఎడిట్ చేస్తావు, చివర అసలువాటితో బయటికి తీస్తుంది. ప్రాజెక్టు ఫ్రేమ్ రేటు 30 అని మొదటే పెట్టు.

పల్లవి పరుగు విషయం: స్టూడియోలో ఒకసారి పాడిన పల్లవినే మూడుచోట్లా అతికించారు కాబట్టి శబ్దతరంగం మూడుచోట్లా ఒకటే. సాఫ్ట్‌వేరుకు ఏ పల్లవో తెలియదు, తప్పు దానిది కాదు. పాట ట్రాకు మీద పల్లవి, చరణాల మొదట్లో మార్కర్లు పెట్టుకో. స్లేటు చూసి క్లిప్పును ఆ మార్కరు దగ్గరకు చేత్తో చేర్చి, తర్వాత ఫ్రేముల్లో సర్దుకో. 64 క్లిప్పులూ రెండు గంటల పని. ఒక్కో సైజు షాట్లు ఒక్కో ట్రాకులో పెట్టు: కింద దూరపువి, పైన నడుం వరకు, ఆ పైన క్లోజప్పులు.

ఇక ఫ్రేము సర్దడం. ప, బ, మ దగ్గరే చూడు, వేరే అక్షరాలతో మోసపోతావు. "మబ్బు" మాట తీసుకో. తరంగాన్ని బాగా పెద్దది చేస్తే "మ"కు చిన్న గుట్ట, తర్వాత "బ్బ" దగ్గర తరంగం సన్నబడిపోయి, వెంటనే నిట్టనిలువుగా లేస్తుంది. ఆ సన్నబడినచోట పెదాలు మూసి ఉండాలి. లేచినచోట విచ్చుకోవడం మొదలైన ఫ్రేము ఉండాలి. అది కలిస్తే ఆ లైనంతా కలిసినట్టే. ముందు కెమెరా శబ్దం వింటూ కలుపు, తర్వాత దాన్ని మూసేసి స్టూడియో పాటతో చూడు.

అటో ఇటో తేలకపోతే పెదాలు ఒక ఫ్రేము ముందుండేట్టు వదులు. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పట్టేస్తాడు, వెనకబడితే 125 దాకా పట్టించుకోడు. ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్) ప్రమాణంలో ఉన్న అంకెలివి. కన్ను ముందు చూసి చెవి తర్వాత వినడం మనకు అలవాటే, ఉరుమూ మెరుపూ అలాంటివే కదా.

శబ్దగ్రాహి
శనివారం, రాత్రి 7.35

ఒక్కటి మర్చిపోయారు. సింక్ చూసేటప్పుడు బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పెట్టుకోవద్దమ్మా. అది 100 నుంచి 300 మిల్లీసెకన్ల దాకా వెనక పడుతుంది. దాన్ని నమ్మి అన్ని క్లిప్పులూ జరిపేస్తే వైరు పెట్టి విన్నప్పుడు అన్నీ తప్పుతాయి. వైరు ఇయర్‌ఫోనే. కాలేజీలో ప్రొజెక్టరు మీద వేసేరోజు కూడా శబ్దం వైరుతోనే ఇవ్వాలి.

ద్వితీయ_సంవత్సరం
ఆదివారం, రాత్రి 9.20

"మబ్బు" పద్ధతి పనిచేసింది! కానీ ప్రతి దెబ్బకూ కట్ వేస్తే చూడటానికి కళ్లు నొప్పిగా ఉంది. ఎలా?

కత్తెర_బరంపురం
ఆదివారం, రాత్రి 9.55

దెబ్బకు కట్ అన్నది నియమం కాదు. లైను భావం ముగిసినచోట, ఊపిరి తీసినచోట కట్ చెయ్యి. దెబ్బ మీద వేయాలనిపిస్తే ఒకటి రెండు ఫ్రేములు ముందు వెయ్యి, కన్ను కొత్త షాటుకు అలవాటుపడేలోపు దెబ్బ పడుతుంది. క్లోజప్ నుంచి క్లోజప్‌కు పోవద్దు, మధ్యలో నది వెయ్యి. నోరు బార్లా తెరిచిన ఆకారం మధ్యలో కట్ చేస్తే రెండో ముఖంలో నోరు వేరేగా ఉండి ఎగురుతుంది. పెదాలు మూసిన ఫ్రేములో, ఆ సున్నల దగ్గర, "తీరం" అయ్యాక కట్ చేస్తే అతుకు కనబడదు.

బయటికి తీసేటప్పుడు: హెచ్.264, 1080పీ, 30 ఫ్రేములు, సెకనుకు 8 నుంచి 12 మెగాబిట్లు, శబ్దం ఏఏసీ 48 కిలోహెర్ట్జ్. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపు. వీడియోగా పంపితే నలిపేస్తుంది.

గుణుపురం_మాస్టారు
ఆదివారం, రాత్రి 10.30

అందరికీ రుణపడి ఉంటాం. ఒక చివరి సందేహం. వచ్చే బ్యాచ్ సినిమా పాట తీసుకుంటామంటోంది. "హక్కులు వారివే" అని కింద రాస్తే యూట్యూబ్‌లో పెట్టొచ్చా?

తరంగ_గోపాలపూర్
సోమవారం, ఉదయం 6.15

ఆ మాట రాసినా ఉపయోగం లేదండి. పాట రికార్డింగును యూట్యూబ్ తనంతట తానే గుర్తుపట్టి హక్కుదారుకు చెబుతుంది. ప్రకటనల డబ్బు వాళ్లకు పోవచ్చు, వీడియోనే ఆగిపోవచ్చు, వాళ్ల ఇష్టం. తరగతిలో నేర్చుకోవడానికి వాడి ఊరుకోండి. బయట పెట్టాలనుకుంటే ఈసారిలాగే సొంత పాట, లేదా రచయిత పోయి 60 ఏళ్లు దాటిన గేయాన్ని పిల్లలే కొత్తగా బాణీ కట్టి పాడింది. జానపదమైనా వేరేవాళ్ల రికార్డింగు వాడకూడదు. పాడినవాళ్లు, వాయించినవాళ్లు, తెరమీద కనిపించినవాళ్లు అందరిచేతా తమకు సమ్మతమేనని రాసిన ఒక కాగితం మీద సంతకాలు షూటింగు రోజే తీసుకోండి. పద్దెనిమిది నిండనివాళ్లుంటే అమ్మానాన్నల సంతకం.